పాపకు 12 రోజులు, పాలు చాలడం లేదంటున్నారు. డబ్బా తెరవాలా?

కొర్లగుంట_కావ్య
మొదటి కాన్పు, సిజేరియన్. పాపకు ఇవాళ్టికి 12 రోజులు. తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరు వద్దు. ఆపరేషన్ ఉదయం 11కి అయితే పాపను నా పక్కలోకి తెచ్చింది సాయంత్రం ఆరు దాటాక. అప్పటికే రెండుసార్లు డబ్బా పాలు పట్టేశారు. ఎందుకు పట్టారని అడిగితే "నీకింకా పాలు పడలేదు కదమ్మా, బిడ్డ ఆకలికి ఏడిస్తే ఏం చేసేది" అంది ఆయమ్మ. మూడు రోజులు అదే నడిచింది. నాలుగో రోజు రొమ్ములు రాళ్లలా గట్టిపడి నాకు ఏడుపు, నోటికి అందక పాపకు ఏడుపు.
ఇంటికొచ్చాక డబ్బా ఆపేసి నా పాలే ఇస్తున్నా. పట్టుకుంటోంది. కానీ గంటకోసారి లేస్తుంది. రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా అసలు వదలదు. మా అత్తగారు "పాలు చాలక ఉత్త చప్పరిస్తా ఉంది, డబ్బా పట్టండి" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మా అమ్మేమో బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుందని పూటకో గ్లాసు కొలిచి ఇస్తోంది. ఇద్దరూ ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నారు, దానికి వేరే టాపిక్ తెరవాలి.
పుట్టినప్పుడు 2.9 కేజీలు, డిశ్చార్జి రోజు 2.7. తర్వాత తూకం వేయలేదు. మా ఆయన నిన్న డబ్బా కొనుక్కొచ్చి బీరువా మీద పెట్టాడు. తెరవాలా, వద్దా?

రేణిగుంట_రాజీ
ముందు ఇది చెప్పు. రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతోంది?

కొర్లగుంట_కావ్య
లెక్కపెట్టలేదక్కా. పగలు గుడ్డలు, రాత్రి డైపర్. ఏడెనిమిది తడుస్తాయి. దొడ్డికి నాలుగైదుసార్లు, పసుపు పచ్చగా పల్చగా. అది కూడా అరగక అవుతోందంటున్నారు.

రేణిగుంట_రాజీ
ఎనిమిది గుడ్డలు తడిపే బిడ్డకు పాలు చాలడం లేదా? ఆ తడి ఎక్కడి నుంచి వస్తోంది, కొళాయి నుంచా?

బైరాగిపట్టెడ_బుజ్జి
మా వీధిలో కొళాయి కూడా రోజుకు ఎనిమిదిసార్లు రాదు. పాపే నయం.

ఎమ్మార్‌పల్లి_మానస
"తెరవద్దు, తెరవద్దు" అని అందరూ ఎక్కేముందు నా మాట వినండి. నాకూ ఇట్లే అన్నారు. పాలు వాటంతట అవే వస్తాయి, నమ్మకం పెట్టుకో, డబ్బా విషం. నేను నమ్మకం పెట్టుకున్నా. మా వాడు పుట్టినప్పుడు 2.8, తొమ్మిదో రోజుకు 2.3. ఏడవడం కూడా మానేసి మగతగా పడుకునేవాడు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయాం. ఆసుపత్రికి తీసుకుపోతే ఒంట్లో నీరు తగ్గి రక్తంలో ఉప్పు పెరిగిందన్నారు, నాలుగు రోజులు ఐసీయూ. ఆ తర్వాత డబ్బాయే పట్టాను. ఇప్పుడు రెండో తరగతి, వాడి అల్లరికి టీచర్ వారానికోసారి ఫోన్ చేస్తుంది. డబ్బా పట్టిన తల్లిని హంతకురాలిలా చూడొద్దు, అంతే నేననేది.

రేణిగుంట_రాజీ
మానసా, నిన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేనన్నది కావ్య పాప గురించి.

ఎమ్మార్‌పల్లి_మానస
అనలేదక్కా, అనబోతారని ముందే చెప్పా. ఏడేళ్ల అనుభవం.

పురుటిగది_సిస్టర్
ప్రసూతి వార్డుల్లో నాకు ఇరవై ఆరేళ్లు. కావ్యా, నీ పోస్టు చదివితే పాలు లేవని నాకనిపించడం లేదు. కానీ మానస చెప్పినదాన్ని కొట్టిపారేయను, అట్లాంటి బిడ్డల్ని నేను చూశాను. అందుకే ఊహలొద్దు, రేపే తూకం వేయించు. పుట్టిన బిడ్డ మొదటి మూడు నాలుగు రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే. మీ పాప 200 గ్రాములు తగ్గింది, అంటే ఏడు శాతం దగ్గర. పది శాతం దాటితే మేం కంగారుపడతాం. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. రేపు తూకంలో 2.9 దగ్గర్లో ఉంటే ఆ డబ్బాను బీరువా మీదే ఉండనీ.
ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరుసార్లు ఉచ్చ పోయాలి. అంతకు తగ్గినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, పచ్చదనం అరిచేతులకు, అరికాళ్లకు దిగినా, జ్వరం వచ్చినా ఇక్కడ టైపు చేస్తూ కూర్చోవద్దు, నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లు.
రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా వదలకపోవడం గురించి: ఆ వయసు బిడ్డ చేసే పనే అది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగుతుంది, అవి గడియారం చూసి సమంగా పంచుకోదు. సాయంత్రం నుంచి గుత్తగా తాగుతుంది. పాలు ఊరించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. బిడ్డ ఎంత లాగితే అంత ఊరుతుంది, లాగకుండా వదిలేస్తే శరీరం ఇక అక్కర్లేదనుకుంటుంది. డబ్బా పాలు పట్టిన ప్రతిసారీ బిడ్డ రొమ్ము దగ్గర ఒక పూట తగ్గిస్తుంది, మర్నాటికి నీ పాలూ అంత తగ్గుతాయి. "చూశావా, చాలడం లేదు" అంటారు. ఇంకో డబ్బా వస్తుంది. నా సర్వీసులో పాలు ఎగిరిపోయాయన్న తల్లుల్లో ఎక్కువమందికి జరిగింది ఇదే.
నీళ్ల సంగతి మీ అమ్మగారితో నేను మాట్లాడాలా? దాహమైనప్పుడల్లా తాగు. పాలలో నూటికి 88 వంతులు నీళ్లే.

చంద్రగిరి_జేజి
మా మనవరాలు టైపు చేస్తా ఉంది, నేను చెప్తా ఉండాను. నాకు నలుగురు. నలుగురికీ మూడేసి ఏండ్లు పాలిచ్చినా. పెద్దోడు బడికి పొయ్యే ముందు వచ్చి తాగి పొయ్యేవాడు, సిగ్గు లేకుండా. అయితే మొదటి మూడు రోజుల పాలు ఒక్కరికీ ఇయ్యలేదు. పచ్చగా చిక్కగా ఉంటాయి, బిడ్డకు అరగవని మా అత్త పిండించి గోడకు పోయించింది. చక్కెర నీళ్లు, ఆముదం పోసింది.
ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తాది. మా ఇంట్లో ఆవు ఈనితే జున్నుపాల కోసం వీధి వీధంతా గిన్నెలు పట్టుకోని వచ్చేది. ఆ జున్నుపాలు ఎంత బలమో అందరికీ తెలుసు. మనిషి జున్నుపాలు మాత్రం గోడకు పోసినాము.

పుత్తూరు_ప్రియ
జేజీ, ఆ చివరి మాట మా అత్తకు చూపించా. ఏమీ అనకుండా లోపలికి పోయింది.

పురుటిగది_సిస్టర్
జేజి చెప్పిన పాలనే ముర్రుపాలు అంటాం. మొదటి రోజు పూటకు ఒక చెంచా కూడా రావు. అంతే వస్తాయి, బిడ్డ పొట్టకు అంతే చాలు. రోగాన్ని ఆపే శక్తి ఆ చెంచాలోనే ఎక్కువ. "పాలు పడలేదు" అని ఆయమ్మ అన్నది ఈ చెంచాను లెక్కలోకి తీసుకోక. ఇంకోటి, సిజేరియన్ అయితే గంటలోపు పాలివ్వలేరన్నది తప్పు. నడుముకు మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కన ఒక మనిషి నిలబడి బిడ్డను పట్టుకుంటే కుట్లు వేస్తుండగానే నోటికి అందించొచ్చు. కావాల్సింది ఆ ఒక్క మనిషే. ఆ మనిషే ఉండదు.

చిత్తూరు_లెక్కలమాస్టారు
ఇందులో ఒక లెక్క ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందేది 41.8 శాతానికి. అంటే బిడ్డ ఆసుపత్రిలో, తల్లి ఆసుపత్రిలో, డాక్టరు ఆసుపత్రిలో, అయినా సగానికి పైగా బిడ్డలకు మొదటి గంటలో పాలు లేవు. అదే సర్వేలో మన రాష్ట్రంలో సిజేరియన్లు 42.4 శాతం, దేశం మొత్తానికి 21.5. ఇక తప్పు పాలు పడని తల్లిదంటారా?

బైరాగిపట్టెడ_బుజ్జి
సార్, రిటైరయ్యాక కూడా హోంవర్కు ఇస్తున్నారు.

చిత్తూరు_లెక్కలమాస్టారు
నీ హోంవర్కు ఇంకా రాలేదు బుజ్జీ, 2004 నుంచి.

కపిలతీర్థం_వాణి
సిజేరియన్ అంటే గుర్తొచ్చింది. మాకు డిశ్చార్జి రోజు మందుల చీటీలో ఐరన్, కాల్షియం కింద డబ్బా పేరు కూడా రాసిచ్చారు. అడగలేదు, అవసరమా అని చూడలేదు. అచ్చులో వచ్చినట్టు అందరి చీటీలోనూ అదే.

చిత్తూరు_లెక్కలమాస్టారు
1992లో దీనికి చట్టం వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకు, ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలు వేయకూడదు, తల్లులకు ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదు, ఆసుపత్రుల వాళ్లకు కానుకలు ఇవ్వకూడదు. టీవీలో ఆ ప్రకటనలు ఎందుకు కనిపించవో ఎప్పుడైనా ఆలోచించారా? అందుకే. చీటీ మీద రాస్తే ప్రకటన అవసరమే లేదుగా.

ఎమ్మార్‌పల్లి_మానస
నిజంగా అవసరమైన వాళ్లకు డాక్టరు రాయకపోతే ఇంకెవరు రాయాలి సార్? చూసి రాయడం వేరు, చూడకుండా అందరికీ రాయడం వేరు. ఆ తేడా చెప్పండి, ఒప్పుకుంటా.

చిత్తూరు_లెక్కలమాస్టారు
అదే తేడామ్మా. ఒప్పుకున్నా.

పాకాల_పశువులడాక్టరు
ఇక్కడ నేను మాట్లాడొచ్చో లేదో. మా దగ్గర జెర్సీ ఆవులున్న ఇళ్లన్నింటికీ తెలిసిన సంగతి: కొత్త మనిషి కొట్టంలోకి వస్తే ఆవు చేపదు. పొదుగు నిండా పాలున్నా దించదు. బెదిరితే చేపు ఆగిపోతుంది. మనుషుల్లోనూ ఆ హార్మోనే. బాలింత గదిలో రోజుకు పదిమంది చుట్టాలు వచ్చి "పాలు పడ్డాయా" అని అడిగితే పడ్డ పాలు కూడా దిగవు.

పుత్తూరు_ప్రియ
మమ్మల్ని ఆవులతో పోల్చడానికి ఒక డాక్టరు కావాల్సి వచ్చింది.

పాకాల_పశువులడాక్టరు
తప్పయితే తీసేస్తానమ్మా.

చంద్రగిరి_జేజి
తీసెయ్యద్దు నాయనా. నువ్వు చెప్పింది నిజమే. మేము చేపు అనే మాట ఆవుకూ తల్లికీ ఒకటే వాడేవాళ్లం. బిడ్డ ఏడుపు విన్నా నాకు రైక తడిసిపొయ్యేది, పక్కింటి బిడ్డ ఏడ్చినా సరే.

పుత్తూరు_ప్రియ
జేజి చెప్తే సరే. డాక్టరుగారూ, మన్నించేశాం. మా ఇంట్లో చుట్టాలకు గేటు దగ్గరే కాఫీ ఇచ్చి పంపేశా, పదకొండో రోజు దాకా. ఇప్పటికీ కొందరు మాట్లాడరు. హాయిగా ఉంది.

కొర్లగుంట_కావ్య
నిన్న తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదో ఆవిడ "మా కోడలికైతే చొక్కాలు తడిసేవి" అని వెళ్లింది. ఆ రాత్రే ఎక్కువ ఏడ్చింది పాప. నేను కూడా.
పట్టించడం గురించి సిస్టర్‌ను అడగాలి. ఎడమవైపు మొన పగిలింది. పట్టుకున్నప్పుడల్లా ప్రాణం పోతోంది.

పురుటిగది_సిస్టర్
మొన ఒక్కటే నోట్లో పెడుతున్నావన్నమాట. మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు, ముఖ్యంగా కిందివైపుది, నోట్లోకి పోవాలి. బిడ్డ నోరు ఆవులించినట్టు పెద్దగా తెరిచేదాకా ఆగు, అప్పుడు బిడ్డను రొమ్ము దగ్గరికి తీసుకురా, నువ్వు వంగొద్దు. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. బిడ్డ పొట్ట నీ పొట్టకు తగిలి ఉండాలి, మెడ ఒక్కటే తిప్పి తాగమంటే మనకైనా గుటక పడదు. నొప్పి పుడితే నీ చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించు. సిజేరియన్ కుట్లు నొప్పిగా ఉంటే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వు, లేదా బిడ్డను చంక కింద నుంచి పట్టుకో, పొట్ట మీద బరువు పడదు. ఇచ్చాక చివరి పాలచుక్కలు మొన మీద రాసి ఆరనివ్వు.
ఒకవైపు ఎర్రబడి గడ్డకట్టి చలిజ్వరం వస్తే మాత్రం డాక్టరుకు చూపించు. అప్పుడు కూడా పాలివ్వడం ఆపొద్దు.

లీలామహల్_శీను
మగవాళ్లం ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి. నేను డబ్బా కొన్న రకమే, కావ్యగారి ఆయన్ని తిట్టకండి. రాత్రి రెండింటికి పెళ్లాం, బిడ్డ ఇద్దరూ ఏడుస్తుంటే మనకు చేతనైన పని మెడికల్ షాపుకు పోవడం ఒక్కటే అనిపిస్తుంది.

రేణిగుంట_రాజీ
బిడ్డ తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించు. గుడ్డ మార్చు. పెళ్లానికి నీళ్ల చెంబు అందించు. మీ అమ్మ ఏమైనా అంటే నువ్వు మాట్లాడు, ఆ పని పెళ్లాం మీద పెట్టొద్దు. ఈ చివరిది చేస్తే మిగతావి మాఫీ.

బైరాగిపట్టెడ_బుజ్జి
చివరిది తప్ప ఏదైనా చేస్తా.

కాణిపాకం_కోమల
పాలు పడటానికి ఏం తినాలి? మా అత్త వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి తప్ప ఏమీ పెట్టడం లేదు. పప్పు వద్దు, పండ్లు జలుబు, పెరుగు అసలే వద్దు. రోజూ రెండు పూటలా కారం అన్నం.

పుత్తూరు_ప్రియ
మా అమ్మది అరవ దేశం. చెన్నై నుంచి పాలసొర చేప తెప్పించి పుట్టు చేసి పెట్టింది. తినని వాళ్లకు మునగాకు, పచ్చి బొప్పాయి కూర, మెంతులు. మెంతి లడ్లు నాకోసం చేస్తే మా ఆయనే అన్నీ తిన్నాడు. పాలు నాకే పడ్డాయి, అదే అదృష్టం.

పురుటిగది_సిస్టర్
అన్నీ తినొచ్చు. మునగాకు, వెల్లుల్లి మంచివే, కానీ పాలను పెంచేది తిండి కన్నా బిడ్డ లాగడం. కోమలా, కారం అన్నం మీదే ఉంటే నీకు నీరసం వస్తుంది. పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు, పెరుగు తిను. మీ అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నావా? బాలింతకు గుడ్లు, పాలు ఇస్తారు. ఆశా కార్యకర్త మీ ఇంటికి రాలేదా? 42 రోజుల్లోపు చాలాసార్లు రావాలి, దగ్గర తూకం కూడా ఉంటుంది. కాన్పు ప్రైవేటులో అయిందని రాకుండా ఉండకూడదు. కావ్యా, నువ్వూ అడుగు.

తిరుచానూరు_సుధ
ఒక్క మాట. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలలు నీళ్లు పట్టొద్దని పుస్తకాల్లో రాస్తారు. తిరుపతి ఎండ సంగతి ఆ రాసేవాళ్లకు తెలుసా? మేలో పెద్దవాళ్లమే ఎండిపోతుంటే పసిబిడ్డకు ఆరు నెలలు నీళ్లే వద్దంటారా? మా పిల్లలిద్దరికీ చెంచాతో పోశా, ఏమీ కాలేదు.

రేణిగుంట_రాజీ
ఏమీ కాని వాళ్లే వచ్చి చెప్తారు సుధక్కా.

పురుటిగది_సిస్టర్
సుధగారూ, ఎండకు దాహమేస్తే బిడ్డ ఎక్కువసార్లు పాలు అడుగుతుంది, నీళ్లు అందులోనే ఉన్నాయి. చెంచా నీళ్లతో రెండు నష్టాలు. ఆ నీళ్లు శుభ్రంగా లేకపోతే విరేచనాలు. శుభ్రంగా ఉన్నా పొట్ట నిండి పాలు తాగదు, బరువు పెరగదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు ఒక్కటే. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు, ఓఆర్‌ఎస్, మందులు ఇస్తే తప్పు లేదు. ఆరు నెలల తర్వాత మెత్తని అన్నం, పప్పు, రాగి జావ మొదలుపెట్టి, పాలు రెండేళ్లు, ఇంకా పైన కూడా ఇవ్వొచ్చు. నీళ్లు ఎండలో ఉన్న తల్లికి పోయండి.
తేనె మాత్రం ఏడాది లోపు నాలుకకు కూడా రాయొద్దు. పేరు పెట్టే రోజు రాస్తారు, నేను చూస్తూ ఉంటా, చెప్తే కోపమొస్తుంది. తేనెలో ఉండే ఒక క్రిమి ఆ వయసు పేగులో పెరిగి నరాలను చచ్చుబరుస్తుంది. అరుదే, కానీ మన బిడ్డకే వస్తే అరుదని ఎవరికి చెప్పుకుంటాం?

తిరుచానూరు_సుధ
తేనె సంగతి తెలియదు. వస కూడా వద్దా మరి? మాటలు రావద్దా?

లీలామహల్_శీను
మా అన్న కొడుక్కు వస అరగదీసి పోశారు. వసపిట్ట అయ్యాడు. ఇప్పుడు నోరు మూయించే కొమ్మేదైనా ఉందా అని మా వదిన వెతుకుతోంది.

శ్రీసిటీ_షిఫ్టు
ఇదంతా ఇంట్లో ఉండేవాళ్లకు. రెండేళ్లు ఇవ్వండి అని చెప్పడం సులువు. మాది శ్రీకాళహస్తి పక్క ఊరు. పొద్దున ఐదుకి కంపెనీ బస్సు. నేను కాంట్రాక్టు మీద పనిచేస్తా. కాన్పుకు మూడు నెలలే అని కాంట్రాక్టరు ముందే చెప్పాడు, జీతం లేకుండా. బాబుకు ఇప్పుడు నాలుగు నెలలు. లైను మీద నిలబడి ఉండగా చొక్కా తడిసిపోతోంది. బాత్రూంలో తలుపు దగ్గర నిలబడి పిండి సింకులో పోస్తున్నా. బయట క్యూ, తలుపు కొడతారు. ఇంట్లో మా అమ్మ డబ్బా పడుతోంది. నెలన్నరగా పాలు తగ్గిపోతున్నాయి. వీడికి ఆరు నెలలు కూడా నిండవేమో.

కొర్లగుంట_కావ్య
అక్కా, నా బాధ బాధే కాదనిపించింది.

శ్రీసిటీ_షిఫ్టు
అట్లా అనుకోవద్దు. నీది నీకు పెద్దదే.

చిత్తూరు_లెక్కలమాస్టారు
అమ్మా, మీ కాంట్రాక్టరు చెప్పింది చట్టం కాదు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. 2025 నవంబరు నుంచి ఆ హక్కులే సామాజిక భద్రతా కోడ్ కిందికి వచ్చాయి. ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. మీ జీతంలో ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా, కోత ఉందా? ఉంటే ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది, దానికి 70 రోజుల చందా లెక్క. కాంట్రాక్టు అని తేడా లేదు. పనిలో చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి, మామూలు విశ్రాంతికి ఇది అదనం. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల గది ఉండాలి.

శ్రీసిటీ_షిఫ్టు
ఈఎస్‌ఐ కోస్తారు సార్. చట్టం చెప్తే రేపటి నుంచి రావద్దంటాడు. అప్పుడు ఆ 26 వారాలు ఎక్కడ అడగాలి?

చిత్తూరు_లెక్కలమాస్టారు
సెలవులో ఉండగా తీసేయడం కూడా చట్టం ప్రకారం నేరమే. కానీ మీరన్న భయం నాకు అర్థమవుతుంది. ఈఎస్‌ఐ కార్డుతో శాఖా కార్యాలయానికి మీరే పోయి పాత క్లెయిము ఇంకా పెట్టొచ్చా అని అడగండి. దానికి కాంట్రాక్టరు అనుమతి అక్కర్లేదు.

రేణిగుంట_రాజీ
నువ్వు ఒక్కదానివే కాదు కదా లైనులో. ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లులుంటే కలిసి అడగండి. చట్టం అని మొదలుపెట్టొద్దు. పావుగంట గది కావాలి అని మొదలుపెట్టండి.

పురుటిగది_సిస్టర్
పిండిన పాలు సింకులో పోయొద్దు తల్లీ. చేతులు కడుక్కుని, మరిగించిన స్టీలు డబ్బాలో పట్టు. పంపు కొనక్కర్లేదు, చేత్తో పిండొచ్చు: బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, నల్లటి భాగం అంచున పెట్టి వెనక్కి ఛాతీ వైపు నొక్కి ముందుకు పిండాలి. మొనను లాగొద్దు. గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దు, ఎండాకాలంలో ఇంకా తక్కువ. ఐసు ముక్కల సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో లోపలివైపు పెడితే మర్నాటికి మీ అమ్మ వాడొచ్చు. పొయ్యి మీద కాచొద్దు, వేడినీళ్ల గిన్నెలో డబ్బా ఉంచితే చాలు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టమను. సీసా పీకకు అలవాటు పడితే రొమ్ము దగ్గర కష్టపడడు. పొద్దున బస్సుకు ముందు, వచ్చీ రాగానే, రాత్రంతా పక్కలో ఇవ్వు. నాలుగో నెలలో తగ్గినా పాలు తిరిగి పెరుగుతాయి, లాగేవాడు ఉన్నాడుగా.

పుత్తూరు_ప్రియ
మా ఊళ్లో ఉగ్గుగిన్నెను పాలాడై అంటారు. ఈ తరం వాళ్లు షోకేసులో పెట్టారు, దింపండి.

కపిలతీర్థం_వాణి
బయట పాలివ్వడం గురించి ఎవరూ రాయలేదు. బిడ్డకు ఏడు నెలలప్పుడు కొండకు పోయాం, ఏడాది లోపు బిడ్డ ఉందని సుపథం అనే వేరే దారిలో పంపారు. అక్కడ కూర్చుని పైట కప్పుకుని ఇచ్చాను, పక్కన ఒక పెద్దావిడ అడ్డంగా నిలబడింది, ఎవరూ తిరిగి చూడలేదు. అదే బిడ్డకు బస్టాండులో ఇస్తుంటే చూపులు. చోటు మారితే కళ్లు మారతాయా?

పాకాల_పశువులడాక్టరు
నేనేమీ అనను. మళ్లీ ఆవు అంటే కొడతారు.

కొర్లగుంట_కావ్య
తూకం వేయించాను. అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఏఎన్‌ఎం అక్క బట్టలు విప్పించి రెండుసార్లు వేసింది. పాప 14వ రోజు, 2 కిలోల 960 గ్రాములు.

రేణిగుంట_రాజీ
చాలడం లేదట, చాలడం లేదు.

ఎమ్మార్‌పల్లి_మానస
హమ్మయ్య. నిజంగా. నాలుగో రోజు మా వాణ్ణి ఎవరైనా ఇట్లా తూకం వేసి ఉంటే బాగుండేది. కావ్యా, వారం తర్వాత మళ్లీ వేయించు, ఒక్కసారితో ఆపొద్దు.

కొర్లగుంట_కావ్య
వేయిస్తానక్కా. మా అత్తగారు కూడా వచ్చింది. మిషన్ సరిగా లేదేమో అంది. ఏఎన్‌ఎం అక్క "మీరు ఎక్కండి, మీ బరువు సరిగ్గా చెప్తుందేమో చూద్దాం" అని పెద్దవాళ్ల మిషన్ చూపించింది. ఎక్కలేదు. నీళ్ల విషయంలో మా అమ్మ చెంబు పెట్టింది, గ్లాసు తీసేసింది. రాత్రి పది నుంచి ఒంటిగంట మాత్రం అట్లే ఉంది. ఇప్పుడు కూడా తాగుతూనే ఉంది, ఒక చేత్తో టైపు చేస్తున్నా.

లీలామహల్_శీను
డబ్బా ఏమైంది?

కొర్లగుంట_కావ్య
సీలు తీయలేదు. మా ఆయన షాపుకు తీసుకుపోతే డబ్బు ఇవ్వనన్నాడట, డైపర్లు ఇచ్చాడు.

శ్రీసిటీ_షిఫ్టు
నేనూ చెప్తా. మేం నలుగురం కలిసి హెచ్‌ఆర్ సారును అడిగాం. "ఇంతకు ముందు ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. ఆశ్చర్యపోయినట్టే ఉన్నాడు. ప్యాకింగ్ అట్టలు పెట్టే గది ఖాళీ చేయించి ఇచ్చాడు, మధ్యాహ్నం ఒకసారి, టీ అప్పుడు ఒకసారి. ఫ్యాను ఉంది. కుర్చీ ఉంది. లోపల గడియ లేదు, ఒకరు లోపలుంటే ఇంకొకరు తలుపు పట్టుకుంటున్నాం. ఈఎస్‌ఐ ఆఫీసుకు శనివారం పోతాను మాస్టారూ.

బైరాగిపట్టెడ_బుజ్జి
గడియ ఎంత సైజు? మాది హార్డ్‌వేర్ షాపే. కొలత పంపు, స్క్రూలు ఊరికే ఇస్తా.

శ్రీసిటీ_షిఫ్టు
ఇనుప తలుపు అన్నా, స్క్రూ పట్టదు.

బైరాగిపట్టెడ_బుజ్జి
అయితే వెల్డింగు వాణ్ణి పంపాలి. గేటు పాసు ఇప్పించమని ఆ సారునే అడుగు.